తరిగొండ విడిచిన వెంగమాంబ

తిరుమలకొండపై నిత్యసేవలలో చివరిది ఏకాంతసేవ. పగలెల్ల వేలకొలది భక్తులకు దర్శన మొసగిన శ్రీనివాసుని శయనింపజేయు వేళ యది. ఆ వేళ రెండు వంశములవారికి స్వామి సన్నిధిని ప్రత్యేకమైన కైంకర్యము కలదు. తాళ్లపాకవారిది లాలిపాట, తరిగొండవారిది ముత్యాల హారతి. ఈ రెండును జరిగినగాని స్వామికి ఆ రాత్రి విశ్రాంతి లేదు.

తాళ్లపాక, తరిగొండ రెండును రాయలసీమలోని చిన్న గ్రామములు. మొదటి గ్రామమునకు ఆ గౌరవమును సంపాదించినవాడు అన్నమాచార్యుడు. రెండవ గ్రామమునకు సంపాదించినది ఒక స్త్రీ. ఆమె రాజాస్థానమున నుండినది కాదు. పండిత కుటుంబమున శాస్త్రములు చదివినది కాదు. బాల్యముననే భర్తను గోల్పోయిన వితంతువు. అంతకంటె విశేష మేమనగా, తన గ్రామనామమును కొండమీద శాశ్వతముగ నిలిపిన ఆ స్త్రీని ఆ గ్రామమే ఒకనాడు తనయందు నిలువనీయలేదు. ఆమెయే తరిగొండ వెంగమాంబ.

వెంగమాంబ 1730వ సంవత్సరమున తరిగొండలో జన్మించెను. ఈ గ్రామము గుఱ్ఱంకొండకు సమీపమున నున్నది. చిరకాలము చిత్తూరు జిల్లాలోని వాయల్పాడు తాలూకాలో చేరియుండెను. తండ్రి కానాల కృష్ణయ్య; తల్లి మంగమాంబ. నందవరీక బ్రాహ్మణ కుటుంబము. గ్రామదైవము లక్ష్మీనరసింహస్వామి. బాలికకు పెట్టిన పేరు మాత్రము ఏడుకొండలవానిది. ఒక దైవము వాకిట నుండెను. ఒక దైవము పేరులో నుండెను. ఆమె జీవితమంతయు ఈ రెండు దైవములను ఒక్కటిగా చూచుకొనుటలోనే గడచినదని చెప్పవచ్చును.

ఆ కాలము రాయలసీమకు సుఖకాలము కాదు. విజయనగర వైభవము కథలలో మాత్రమే మిగిలియుండెను. ఆమె జీవితకాలములో కడప నవాబులు, మరాఠాలు, మైసూరు హైదరాలీ, టిప్పు సుల్తాను, తుదకు ఇంగ్లీషు కుంఫిణీవారు ఈ సీమకై పోరాడిరి. గుఱ్ఱంకొండ దుర్గము పలుమారులు చేతులు మారెను. పాలించువాడు నేడొకడు, రేపొకడు. ఇట్టి అస్థిరకాలమున పల్లెవారు తమకు స్థిరముగ మిగిలినదాని నెల్ల గట్టిగ పట్టుకొందురు. అట్లు పట్టుకొనదగినవి రెండే: గుడి, ఆచారము. వెంగమాంబకు గుడి ఆశ్రయమైనది, ఆచారము శత్రువైనది.

ఆనాడు ఆడుపిల్లకు చదువు చెప్పించుట అరుదు. తాను గురువు చెంత ఓనమాలైనను నేర్వలేదనియు, ఛందస్సును అలంకారశాస్త్రమును అభ్యసింపలేదనియు వెంగమాంబ ఉత్తరకాలమున తన వేంకటాచల మాహాత్మ్యములో చెప్పుకొనెను. కవులు వినయముచేత ఇట్లనుట కలదు గాని ఆనాటి బాలికలలో పెక్కుమంది స్థితిని తలచినచో ఇది కేవలము వినయోక్తి యనిపింపదు. ఆమెకు గుడియే బడి. పల్లెలలో పురాణకాలక్షేపములు, భజనలు, యక్షగాన ప్రదర్శనములు జరుగు కాలమది. చెవితో విన్నది మనసున నిలుపుకొనుట, నిలిచినదానిని నోటితో పాడుకొనుట ఆమె విద్య. తరువాత ఆమె వ్రాసిన గ్రంథములలో పాటకు, ద్విపదకు ఇంత చోటు లభించుటకు మూల మిచ్చట నున్నది.

బాలిక తోటిపిల్లలతో ఆడక, గుడిలో గంటలతరబడి కన్నులు మూసికొని కూర్చుండెడిది. తనలో తాను పాడుకొనెడిది. ఇరుగుపొరుగువారు వెఱ్ఱి యనిరి. పెండ్లి చేసినచో కుదురునని తల్లిదండ్రులు తలచిరి. ఇంజేటివారి చిన్నవాడు వేంకటాచలపతికి ఆమెనిచ్చి వివాహము చేసిరి. కొలదికాలమునకే ఆ వరుడు మరణించెను. కాపురమన నెట్టిదో యెఱుగకమునుపే ఆమె వితంతువైనది.

వితంతు వైన బాలిక ఆనాడు పడవలసిన పాట్లు ఇప్పటి విద్యార్థులకు పుస్తకములవలన మాత్రమే తెలియును. తల గొరిగింతురు. గాజులు పగులగొట్టుదురు. నొసట కుంకుమ చెరిపివేయుదురు. శుభకార్యములకు ఆమె యెదురు రాగూడదు. ఏడెనిమిదేండ్ల పిల్లకును ఇదే నియమము. ఎనుబదేండ్ల ముదుసలికిని ఇదే నియమము. వెంగమాంబ ఈ నియమమునకు లోబడలేదు. తన భర్త శ్రీనివాసుడే యనియు, ఆయనకు మరణము లేదు గనుక తనకు వైధవ్యము లేదనియు చెప్పెను. కుంకుమ తీయలేదు. పూలు మానలేదు. తల ముండనము చేయించుకొనలేదు.

ఆమె ఆచారముపై వాదము పెట్టుకొని తిరుగుబాటు చేసినది కాదు. తాను నమ్మినది నమ్మినట్లు ఆచరించినది, అంతియే. కాని గ్రామము దృష్టిలో రెండింటికిని భేదము లేదు. వాదించువానికి ఎదురువాదము చెప్పవచ్చును. సంఘము నుండి తొలగింపవచ్చును. వాదింపక, అందఱి నడుమ నొసట కుంకుమతో గుడికి పోవుచు వచ్చుచునున్న పిల్లను ఏమి చేయవలెనో వారికి తోచలేదు. ఆమె మౌనమే వారికి ధిక్కారముగ కనబడెను.

తండ్రికి లోకులమాట యొకవైపు, కూతురు మాట యొకవైపు. ఆయన కూతురిని విడువలేదు. మదనపల్లెలో రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి యను విద్వాంసుడు నుండెను. ఆయన వెంగమాంబను శిష్యురాలిగ స్వీకరించి మంత్రోపదేశము చేసి యోగమార్గమును చూపెను. లోకులు వెఱ్ఱియన్నదానిని ఆయన తపస్సుగ గుర్తించెను. శిష్యుని పైకి కనబడు వింతలను దాటి లోపలి జిజ్ఞాసను చూడగలవాడే గురువు. ఆమె గ్రంథములలో కనబడు వేదాంత విషయములకు, యోగరహస్యములకు ఈ గురూపదేశమే బీజము. గురువును ఆమె తన గ్రంథములలో భక్తితో స్మరించెను.

గ్రామస్థుల కోపము చల్లారలేదు. పుష్పగిరి పీఠాధిపతి ఆ ప్రాంతమునకు విచ్చేసినపుడు వారు ఆయనయొద్ద ఫిర్యాదు చేసిరని జనశ్రుతి. స్వామి ఆమెను పిలిపించి, విధవ కేశములు ధరింపవచ్చునా యని ప్రశ్నించెనట. కేశములు ఈశ్వరుడిచ్చినవి, తీసినను మరల మొలచుచున్నవి, వానిని తీయుటవలన ఆయనకు కలుగు ప్రీతి యేమని ఆమె ప్రత్యుత్తరమిచ్చెనట. పీఠమునకు నమస్కరింపుమని ఆజ్ఞాపించిరి. ఆయనను ఆసనము నుండి లేవుమని ప్రార్థించి ఆమె రిక్తాసనమునకు మ్రొక్కెను. తోడనే ఆసనము భగ్గున మండెనని కథ. మంట సంగతి భక్తుల విశ్వాసమునకు సంబంధించినది. ఆ మంటను ప్రక్కకు పెట్టినను కథలో సారము మిగులును. దేశమున మహాగౌరవము గల పీఠము ఎదుట ఒక పల్లెటూరి పిల్ల భయపడక, అమర్యాద చేయక, తన మాట తాను చెప్పినది. సీమ ప్రజలు తరతరములుగ ఆ ధైర్యమునే కథగ చెప్పుకొనుచున్నారు.

ఈ కష్టముల నడుమనే ఆమె రచన ఆరంభమైనది. తరిగొండలో నుండగా రచించినవానిలో తరిగొండ నృసింహ శతకము, నృసింహ విలాసకథ, శివనాటకము, బాలకృష్ణ నాటకము, రాజయోగామృతసారము ముఖ్యమైనవి. ఇందు శివనాటకము నుండుట గమనింపదగినది. నరసింహుని కొలిచి వేంకటేశుని వరించిన భక్తురాలు శివకథను యక్షగానముగ రచించెను. శైవ వైష్ణవ భేదము ఆమెకు పట్టలేదు. రాజయోగామృతసారము యోగవిషయమైన ద్విపద. ఇరువదియేండ్ల ప్రాయమున అటునిటుగ నున్న పల్లెటూరి స్త్రీ రాజయోగమును గూర్చి గ్రంథము వ్రాయుట ఆనాటికే కాదు, ఏనాటికైనను విశేషమే.

ఆమె తరిగొండ విడుచుటకు కారణమైన సంఘటనము నృసింహాలయముననే జరిగినది. ఆలయములోని ఆంజనేయ విగ్రహము చాటున ఎవరికంటను పడక ఆమె ధ్యానము చేయుచుండెడిది. ఊరిలో ఏ మూలయు తనది కానప్పుడు విగ్రహము వెనుక నున్న ఆ చారెడు చోటును తనదిగ చేసికొన్నది. ఒకనాడు పూజారి ఆమెను కనిపెట్టి, కోపోద్రిక్తుడై, జుట్టు పట్టుకొని బయటకు ఈడ్చినాడని చెప్పుదురు. ఏ కేశములను ఆమె స్వామి కొఱకు నిలుపుకొన్నదో ఆ కేశములే ఈడ్చువాని చేతికి పట్టయినవి. ఇక ఆ ఊర ఉండదగదని ఆమె నిశ్చయించుకొనెను.

ఆ కాలమున తిరుమలయాత్ర నేటివలె సులభము కాదు. కొండకు మోటారుబాట ఏర్పడినది 1944లో. అంతకుముందు శేషాచలము అడవులగుండ కాలినడకయే శరణ్యము. క్రూరమృగములు, దొంగలు, విషజ్వరములు యాత్రికులకు నిత్యభయములు. తోడులేని స్త్రీ ఆ దారిని బయలుదేరుట సామాన్యము కాదు. వెంగమాంబకు మాత్రము అది పుట్టింటినుండి అత్తవారింటికి పోవు ప్రయాణము. ఆమె దృష్టిలో వివాహ మెప్పుడో జరిగినది. గృహప్రవేశము ఇప్పుడు జరుగుచున్నది.

తిరుమలలో ఆమెకు ఆదరము లభించెను. హాథీరాంజీ మఠము మహంతులును, తాళ్లపాక వంశీయులును ఆమె భక్తిని గుర్తించి నివాసమునకు చోటు చూపిరని సంప్రదాయము. కొండపై యాత్రికులకు ఆమె పాటలు పరిచితములయ్యెను. తరిగొండలో ఆమె ఎవరి కూతురు, ఎవరి భార్య, ఏల గాజులు తీయదు అనునవి ప్రశ్నలు. కొండమీద అడిగినది ఒకటే: ఈమె స్వామిని కొలుచుచున్నదా? అన్ని దేశములనుండి అన్ని భాషలవారు వచ్చిపోవు క్షేత్రమున ఆచారముల కట్టు కొంత సడలుట సహజము. ఉత్తరదేశమునుండి వచ్చి మఠము స్థాపించుకొన్న బైరాగులకు చోటిచ్చిన కొండ, తరిగొండ నుండి వచ్చిన ఒంటరి స్త్రీకిని చోటిచ్చినది.

అయినను కొండపై అందఱును ఒక్కతీరుగ లేరు. పొరుగున నుండిన అర్చకు డొకడు ఆమెను సహింపలేకపోయెననియు, ఎంగిలాకులను ఆమె పెరటిలో ధ్యానము చేయుచోట విసరెడివాడనియు, పలువిధముల బాధించెననియు చెప్పుదురు. ఆశ్రయము దొరకినంతమాత్రమున అవమానములు ముగియలేదు. ఆమె కలహింపక ఆలయమునకు దూరమున అడవిలో నున్న తుంబురుకోనకు పోయి ఒంటరిగ తపస్సు చేసికొనెను. తుంబురుతీర్థమునకు నేటికిని ఏటేట ఫాల్గుణ పూర్ణిమనాడు యాత్రికులు పోవుదురు. రాళ్లు, సెలయేరు, లోతైన లోయ. ఒక్కదినము నడచి వచ్చుటయే శ్రమ. అచ్చట ఆమె కొన్ని సంవత్సరములు గడపెను.

ముత్యాల హారతి కథ ఈ కాలమునకు సంబంధించినదే. రాత్రి తలుపులు మూసిన పిమ్మట ఆమె స్వామిసన్నిధికి వచ్చి ముత్యములతో హారతి యిచ్చెడిదట. ప్రాతఃకాలమున తలుపులు తెరచిన అర్చకులకు గర్భాలయమున ముత్యములు కనబడెడివట. తాళము తీయక లోనికెవరు వచ్చిరని విచారింపగా ఆమె మహిమ వెల్లడియైనదట. తరువాత వారు ఆమెను సగౌరవముగ కొండకు పిలిపించి, ప్రతిరాత్రి ఏకాంతసేవలో ఆమె హారతి నిచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ముత్యముల కథను ఎవరు ఎంత నమ్మినను, హారతి మాత్రము కథ కాదు. అది రెండువందల యేండ్లు దాటి నడచుచున్న ఆచారము. ఒకప్పుడు ఆచారమునకు విరుద్ధురాలని వెలివేయబడిన స్త్రీయే ఒక ఆచారమునకు మూలమైనది.

తిరుమలలో ఆమె రచనము విస్తరించెను. విష్ణుపారిజాతము, చెంచునాటకము, రుక్మిణీనాటకము, గోపీనాటకము, జలక్రీడావిలాసము, ముక్తికాంతావిలాసము మున్నగు యక్షగానములును, తత్త్వకీర్తనములును, శ్రీకృష్ణమంజరియు, అష్టాంగయోగసారమును, ద్విపదలుగ భాగవతమును వాసిష్ఠ రామాయణమును, పద్యకావ్యముగ వేంకటాచల మాహాత్మ్యమును రచించెను. తెలుగు స్త్రీలలో ఇన్ని గ్రంథములను, ఇన్ని ప్రక్రియలలో రచించినవారు ఆమెకు పూర్వము కానరారు. మొల్ల రామాయణము నొకదానిని వ్రాసి కీర్తి గాంచెను. తాళ్లపాక తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించెను. వెంగమాంబకు సమకాలికురాలైన ముద్దుపళని తంజావూరి ప్రతాపసింహుని ఆస్థానమున రాధికాసాంత్వనమును వ్రాసెను. ముద్దుపళనికి రాజసభ శ్రోత. వెంగమాంబకు సత్రములలో బసచేసిన యాత్రికుడు శ్రోత.

ఆమె ఎన్నుకొన్న ప్రక్రియలను చూచిన ఈ సంగతి స్పష్టమగును. ద్విపద పండితులు చిన్నచూపు చూచిన ఛందస్సు. పాల్కురికి సోమనాథుని నాటినుండి అది జనులకు దగ్గరది. చదువురానివానికి కూడ చెవికెక్కునది. వాసిష్ఠ రామాయణములోని విషయము కఠినమైన అద్వైతము. దానిని ఆమె ద్విపదలో చెప్పెను. యక్షగానము వీధిలో ఆడునది. గోపీనాటకమునకే గొల్లకలాపమని మరియొక పేరు. గొల్లకలాపములలో సాధారణముగ గొల్లభామ విప్రునితో వాదమునకు దిగి తత్త్వము బోధించును. శాస్త్రము చదువని స్త్రీ శాస్త్రము చదివినవానికి తత్త్వము చెప్పు ఆ ప్రక్రియ వెంగమాంబను ఆకర్షించుటలో వింత లేదు.

పద్యరచనములో ఆమె శక్తికి నిదర్శనము వేంకటాచల మాహాత్మ్యము. పురాణములలో పలుచోట్ల నున్న వేంకటాద్రి కథలను కూర్చి ఆమె ఆరాశ్వాసముల కావ్యముగ తీర్చెను. శ్రీనివాసుడు కొండకు వచ్చుట, వకుళమాలిక మాతృవాత్సల్యము, ఆకాశరాజు కుమార్తె పద్మావతితో పరిణయము తెలుగు ఇండ్లలో ఇంత ప్రచారమునకు వచ్చుటకు ఈ గ్రంథము గొప్ప సాధనమైనది. ఇంటినుండి వెడలినవాడై, కొండపై పరుల ఆశ్రయమున నుండి, వకుళమాలిక పెట్టినది తిని, తుదకు ఆ కొండనే తన ఇల్లు చేసికొన్న స్వామి కథ అది. వ్రాసిన ఆమెకు ఆ కథ పుస్తకములలో విన్నది మాత్రమే కాదు.

ఇచ్చట ఒక సంగతి ముఖ్యముగ చెప్పవలసియున్నది. తరిగొండను విడిచిన తరువాతను ఆమె తన కృతులలో తరిగొండ నృసింహుని ముద్రను విడువలేదు. కొండపై నుండి, కొండలరాయని కథ వ్రాయుచు, ఆయననే తరిగొండ నరసింహునిగ సంబోధించెను. ఏ గుడినుండి తన్ను ఈడ్చివేసిరో ఆ గుడిలోని దేవుని పేరే తన సంతకముగ చేసికొనెను. ఊరిపై కోపము ఆమె వాక్కున ఎచ్చటను నిలువలేదు. ఊరివారు ఆమెకు ఊరు లేకుండ జేసిరి. ఆమె ఊరికి పేరు లేకుండ చేయలేదు. గుఱ్ఱంకొండ కోటను గెలిచినవారి పేర్లు చరిత్ర పరీక్షలకు చదువు విద్యార్థులకైనను సరిగ జ్ఞాపకముండవు. ఆ కోటకు ప్రక్కనున్న తరిగొండ పేరు మాత్రము తెలుగువారందఱికి తెలియును.

ఆమె జీవితపు తుదిదశలో దేశము మరల మారెను. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యము కుంఫిణీవారి వశమై, తిరుమల ఆలయ వ్యవహారములు వారి అధికారుల చేతికి వచ్చెను. పాలకులు మారినను వెంగమాంబ దినచర్య మారలేదు. తులసివనము పెంచుట, గ్రంథములు చెప్పి వ్రాయించుట, యాత్రికులకు అన్నము, నీరు సమకూర్చుట ఆమె నిత్యకృత్యములు. నృసింహజయంతికి ప్రత్యేకముగ అన్నదానము జరిపించెడిది. భక్తులు కానుకలిచ్చిరి, అవి అన్నమై యాత్రికులకు చేరెను. చోటులేక వచ్చిన స్త్రీ వచ్చినవారికెల్ల చోటు చూపెను.

1817వ సంవత్సరమున, ఎనుబదియేడేండ్ల వయస్సున, శ్రావణమాసమున వెంగమాంబ తిరుమలలోనే సమాధి చెందెను. ఆమె బృందావనము ఆలయమునకు ఉత్తరపు దిక్కున నున్నది. ఆ స్థలమున వెలసినది నేడొక ఉన్నత పాఠశాల. ఓనమాలు గురువు చెంత దిద్దని ఆమె సమాధి బడిపిల్లల పాఠములు వినబడు చోట నుండుట ఎవరో ఎంచి చేసినది కాదు. అయినను ఇంతకంటె తగిన స్థలము దొరకదు. 2011లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు కొండపై నిర్మించిన విశాలమైన అన్నప్రసాద భవనమునకు ఆమె పేరే పెట్టిరి. ప్రతిదినము వేలకొలది యాత్రికులు, కులము పేరు గాని ఊరి పేరు గాని చెప్పనక్కఱలేక, వరుసగ కూర్చుండి అచ్చట భుజించుచున్నారు.

గ్రామములు నేటికిని ఉన్నవి. తోటివారిలో కలియక మూలను కూర్చుండు పిల్లలును ప్రతి గ్రామమునను, ప్రతి పాఠశాలయందును ఉన్నారు. వారిని చూచి వెఱ్ఱియనుట సులభము. కృష్ణయ్యవలె విడువక నిలుచుట, సుబ్రహ్మణ్యశాస్త్రివలె లోపలి వెలుగును గుర్తించుట కష్టము. వెంగమాంబ జీవితమున ఆ ఇద్దఱు లేకున్నచో తరిగొండ ఒక వితంతువును కోల్పోయెడిది. తెలుగుభాష ఒక కవయిత్రిని కోల్పోయెడిది. ఏ ఒక్కరికిని ఆ నష్టము తెలిసియుండెడిది కాదు.

నేటి రాత్రి కూడ కొండపై లాలి వినబడును, హారతి వెలుగును. తలుపులు మూయబడును. ఒకనాడు విగ్రహము చాటున చారెడు చోటు కొఱకు దాగియున్న ఆమె పేరు, లోకమంతయు బయట నిలిచియున్న వేళ, స్వామియెదుట లోపలనే యుండును.